అరవై ఒక్క చోట్ల గమ్మునుండాల

హలో, అందరికీ నమస్కారమప్పా. వినపడతాండాదా? రాసింది యాడన్నా వినపడతాదా అని నవ్వుతారేమో. తొమ్మిదో తరగతితో ఆపేసినోణ్ణి, నాకు మాట్లాడినట్టు రాసేదే వస్తాది. అన్నం తింటా చదివినా పర్వాలేదు, మధ్యలో మాత్రం వదిలేసి పోవద్దు.

నా పేరు మునిశేఖర్. వడమాలపేటలో మోటార్లకు వైండింగ్ చుట్టే అంగడి పెట్టుకున్నాను. అది కూటికి. మనసుకు ఇంకో పనుండాది. ఇరవై ఏడేండ్లుగా నాటకాలకు ప్రాంప్టింగ్ చెప్తాండాను. అంటే సైడు తెర ఎనకాల పుస్తకం పట్టుకోని నిలబడి, యాక్టరు మాట మర్సిపోతే మొదటి ముక్క అందించేది. గట్టిగా చెప్తే జనానికి వినపడతాది, మరీ మెల్లగా చెప్తే యాక్టరుకే వినపడదు. ఆ ఒక్క మనిషికే తగిలేట్టు చెప్పాల. మనసులో రెండంకెలు లెక్కపెట్టేలోపు వాడు నోరు తెరవకపోతే అందించెయ్యాల. అదే నేను నేర్సిన చదువు.

మా ట్రూపులో పెద్ద యాక్టరు యోగానందన్న. అరవై రెండేండ్లు. నగరిలో సొంత ఇంట్లోనే రెండు పవర్‌లూములు ఆడిస్తాడు. రాజు వేషం కట్టి నిలబడితే ముందు వరసలో పిల్లోళ్ళు కూడా కాళ్ళు ముడుసుకుంటారు. ఆయనకు నేను ఒక్క మాట అందించిన పాపాన పోలేదు, పోయిన ఏడాది వరకూ. పోయిన ఏడు పుత్తూరులో ఒక్క నాటకానికే పదకొండు సార్లు అందించినాను. జనానికి తెల్లేదు. మొగాన రంగు తుడుసుకుంటా ఆయనే చెప్పినాడు. తల్లో కరెంటు పోతా వస్తా ఉండాదంట. డాక్టరు మతిమరుపు మొదలైందన్నాడంట. "శేఖరా, ఇది నీకూ నాకూ మధ్యనే ఉండనీ. తెలిస్తే నన్ను ఏ ట్రూపోళ్ళూ పిలవరు," అన్నాడు. ఎవురికీ చెప్పనని చెయ్యేసినాను.

ఇదిట్టుండగా దయానంద్ దిగినాడు. పుత్తూరు పిలగాడే, ముప్పై రెండేండ్లు, హైదరాబాదులో నాటకం కోర్సు చదివొచ్చినాడు. మంచోడు, కానీ పట్టుకుంటే ఉడుము. తిరుపతిలో ఒక కాలేజీలో మూడు దినాల సభ పెడతాండారు, ఇంగ్లండు, ఐర్లండు దేశాల ఈ కాలం నాటకాలు మన స్టేజీ మీద ఎట్టాడాల అని. ఒక్కో ట్రూపు ఒక్కో నాటకం ఆడాల, ఆడినాక అరగంట చర్చ. మనోడు ఒక ఐర్లండు నాటకం తెలుగు చేసుకోనొచ్చినాడు. అన్నా చెల్లెలు, ఇద్దరే. సముద్రం ఒడ్డున ఇల్లు. నాయన పడవను అన్న చెల్లెలికి చెప్పకుండా అమ్మేసి ఉంటాడు. ఆ సంగతి చెప్పాలని మొదట్నించీ చూస్తా చూస్తా, కడాన చెప్తాడు. అంతే నాటకం.

అన్న వేషం యోగానందన్న, చెల్లెలు నాగవేణి. నాగవేణి పగలు టైలరు, నాటకముంటే యాక్టరు. నగరిలో యోగానందన్న ఇంటి పక్క షెడ్డులో ఆదివారం ఆదివారం రిహార్సలు.

మొదటి మూడు ఆదివారాలు కోటు మీదే పోయినాయి. అన్నకు పొడుగు కోటు, మెడకు ఉన్ని గుడ్డ ఉండాల్సిందే అని దయానంద్. అది కుట్టాల్సింది నాగవేణి. "కుట్టమంటే కుడతాను తమ్ముడూ. మే నెల్లో నగరిలో కోటేసుకున్నోణ్ణి జనం యాక్టరని సూడరు, పిచ్చోడని సూస్తారు," అనింది. కోటు అయినాక వాన. ఆ నాటకంలో పొద్దస్తమానం వాన పడతానే ఉంటాదంట, వాళ్ళకు వానంటే దిగులంట. యోగానందన్న తల గోక్కోని, మనకు వానొస్తే పండగ గదప్పా, నేను దిగులు మొగం యాణ్ణించి తెచ్చేది అన్నాడు. దాని మీద ఒక పూట. పొయ్యిలో మంట ఉండాలని ఇంకో పూట. నాకు తల పగిలిపోతా ఉన్నింది. అంగడిలో నాలుగు మోటార్లు ఇప్పదీసి పెట్టొచ్చినాను, ఈడ ఐర్లండులో చలి ఎంతుంటాదో మాట్లాడతాండారు.

కడాకు ఐర్లండొద్దు, కథ మన పులికాట్ సరస్సు ఒడ్డున జరిగినట్టు ఆడదామన్నారు. అక్కడా సముద్రపు నీళ్ళే, అక్కడా పడవలే, అక్కడా నాయన పడవ అమ్ముకున్న అన్నలుంటారు. కోటు పోయి లుంగీ వచ్చింది. వాన పోయి గాలొచ్చింది. మంట పోయి రొయ్యల బుట్టొచ్చింది. ఇంక మిగిలిందేందిరా నాయనా అనుకుంటే, నిశ్శబ్దం మిగిలింది.

పుస్తకంలో మాటకూ మాటకూ మధ్యన నిశ్శబ్దం అని రాసుండాది. నేను ఏలు పెట్టి లెక్కేసినాను. నలభై పేజీల్లో అరవై ఒక్క చోట్ల. దయానంద్ చెప్పినాడు, "అన్నా, కోటు తీసేసినాను, వాన తీసేసినాను. ఈ నిశ్శబ్దాల జోలికి మాత్రం రావద్దండి. నాటకం ఉండేదే ఆడ."

సరేప్పా, నీ నాటకం ఆడుండనీ. నా గతేంది? యోగానందన్న ఒక మాట చెప్పి ఆగుతాడు. నేను ఒకటి, రెండు అని లెక్కపెడతా. మూడో అంకెకు నోరు ఆగదు, అందించేస్తా. దయానంద్ తల పట్టుకుంటాడు. అన్నా, ఆయన మర్సిపోలేదు, గమ్మునుండాడు అంటాడు. సరే అని తర్వాత చోట నేను గమ్మునుంటే, అప్పుడు నిజంగానే మర్సిపోయుంటాడు. లాప్‌టాపులో గాలి సౌండు ఆడతానే ఉంటాది, ఈ మనిషి నా తెర వంక దొంగసూపు సూస్తాంటాడు. మర్సిపోయి ఆగినోడూ, గమ్మున ఆగినోడూ బయటికి ఒకే మాదిరి ఉంటారప్పా. ఇరవై ఏడేండ్ల అనుభవం ఒక్క నాటకంతో కాలవలో పోసినట్టయింది.

దయానంద్ మూడు ఆదివారాలు సూసి, కొత్త నాటకాల్లో ప్రాంప్టింగ్ ఉండదన్నా, మీరు హాల్లో ఎనక కూసోని గాలి సౌండు చూసుకోండి అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎందుకన్నా అంటే ఏం చెప్పేది? నాకు మోకాళ్ళ నొప్పి, ఎనకాల మెట్లెక్కలేనన్నాను. నాకు లాప్‌టాపు రాదన్నాను. అలవాటన్నాను. ఆ పిలగాడు నన్ను పదవి వదలని ప్రెసిడెంటు మాదిరి సూసినాడు. నాగవేణి మాత్రం ఒక దినం కుట్టుమిషను కాడ నన్ను నిలబెట్టి, అన్నా, నేను యోగానందన్న కండ్లలోకి సూస్తా నిలబడేదాన్ని, ఆయన కండ్లు కొన్నిసార్లు ఖాళీగా ఉంటాయి, ఎందుకని అడిగింది. నేను దారం రంగులు సూస్తా నిలబడినాను.

సభకు ఆరు దినాలుండాయి. దయానంద్ ఇదే ఆఖరు మాట, మీరు ఎనక సీట్లోనే అన్నాడు. యోగానందన్న ఆ దినం ఇంకా రాలేదు. నాకు ఇసుగొచ్చి, కోపమొచ్చి, భయమొచ్చి, మొత్తం కక్కేసినాను. మతిమరుపు, డాక్టరు, పదకొండు సార్లు, అంతా. అరవై ఒక్క నిశ్శబ్దాలు తెచ్చిన పిలగాడు పుస్తకం మూసి పెట్టినాడు. ముందే చెప్పుంటే వేరే వాళ్ళను పెట్టుకునేవాణ్ణి గదన్నా అన్నాడు. అదే గదా ఆయన భయం, అన్నాను. ఇప్పుడు మార్చేదానికి టైము లేదు, తీసేస్తే నాటకమే లేదు, ఆడిస్తే పరువుండదు అని ఆ పక్కకీ ఈ పక్కకీ తిరగతా ఉన్నాడు.

ఆడనే ఉన్న నాగవేణికి ఒళ్ళు మండింది. "ధర్మరాజుల గుడి తిరునాళ్ళలో వీధినాటకం సూడలేదా తమ్ముడూ? నాటకం నేర్పిన వాద్యారు యాడుంటాడు? వేషం పక్కనే నిలబడి, తాళం కొడతా, మాట అందిస్తా ఉంటాడు. జనం సూస్తానే ఉంటారు. ఎవురన్నా తప్పు పట్టినారా? శేఖరన్నను తెచ్చి స్టేజీ మీదే కూసోబెట్టు. పులికాట్లో వల బాగుచేసుకునే పక్కింటోడు ఉండడా?"

దయానంద్ పుస్తకం మళ్ళా తెరిసి, మొదటి పేజీలో పక్కింటోడు అని రాసుకోని, సరే అన్నాడు.

ఇంక యోగానందన్నకు చెప్పాల, నేను మాట తప్పినానని. పక్కింట్లోకి పోతే లూములు రెండూ ఆడతాండాయి. ఆ శబ్దంలో చెవి కాడ అరిసి చెప్పాల్సొచ్చింది. ఆయన లూము ఆపినాడు. మళ్ళా చెప్పు అన్నాడు. శబ్దం లేకుండా చెప్పేది ఇంకా కష్టమైంది.

"ఇన్నేండ్లూ నాకొక్కడికే వినపడేట్టు మాట్లాడినావు," అన్నాడు. "కడాకు ఇదొక్కటి ఊరికంతా వినపడేట్టు మాట్లాడినావే అబ్బా."

లూము ఆడించుకున్నాడు. ఆ ఆరు దినాలూ నాతో మాట్లాడలేదు. సభ దగ్గర పడిందని దినమూ రిహార్సలు పెట్టుకుంటే, పక్కనే కూసున్నా గోడను సూసినట్టు సూసినాడు.

తిరుపతిలో పొద్దున పదకొండు గంటలకు నాటకం. హాలు సగం నిండింది. నేను బోర్లించిన పడవ మీద, ఒళ్ళో వల, వల్లో పుస్తకం. ఇరవై ఏడేండ్లలో జనం మొగాలు సూసింది అదే మొదలు. దాక్కోవడానికి తెర కూడా లేదు. యోగానందన్న మూడు సార్లు మర్సిపోయినాడు. మూడు సార్లూ అందించినాను. నా వంక తిరక్కుండా అందుకున్నాడు, కొట్లో అప్పు తీసుకునే మనిషి మాదిరి.

కడాన ఆ మాట వచ్చింది. పడవ అమ్మేసినానని చెప్పాల. చెల్లెలు ఎదురుగా ఉండాది. ఆయన ఆగినాడు. పుస్తకంలో ఆడ నిశ్శబ్దం ఉండాది. రెండు దాటింది, అయిదు దాటింది, పది దాటింది. నాగవేణి కండ్లు సూసినాను, ఆమెకూ తెలీడం లేదు. హాల్లో ఒకాయన దగ్గినాడు. నేనింక ఓర్సుకోలేక, "పడవ..." అన్నాను.

ఆయన నా వంక నిదానంగా తిరిగినాడు. ఆరు దినాల తర్వాత.

"తెలుసులేప్పా. చెప్పేదానికే నోరు రావడం లేదు," అన్నాడు.

తర్వాత చెల్లెలి వంక తిరిగి, పడవ అమ్మేసినాననే మాట పుస్తకంలో ఉన్నదున్నట్టు చెప్పినాడు. నేను వల్లోకి తల దించుకున్నాను.

చర్చ మొదలైంది. అప్పా, ఆ అరగంట నా పగోడికి కూడా వద్దు. ఎక్కడెక్కడి నాటకాలోళ్ళో వచ్చినారు. ఒకాయన ఆ మూడో మనిషి సముద్రమన్నాడు. ఒకామె కాదు, సచ్చిపోయిన నాయన అనింది. గడ్డమాయన మనస్సాక్షి అన్నాడు. ఐర్లండు నాటకాన్ని ఇట్ట పాడుసెయ్యచ్చునా అని ఒకరు, ఇట్టే ఆడాల అని ఇంకొకరు. నేను ఆడనే కుర్చీలో కూసోనుండాను, నువ్వెవురయ్యా అని నన్ను అడిగినోడు ఒక్కడు లేడు. దయానంద్ మైకు తీసుకోని, ఏదో అందంగా చెప్పబోయినాడు. యోగానందన్న ఆ మైకు చేతిలోంచి తీసుకున్నాడు.

"ఆయన మనస్సాక్షీ కాదు, సముద్రమూ కాదు. వడమాలపేటలో మోటార్లు చుడతాడు," అన్నాడు. జనం నవ్వినారు. "నాకు మతిమరుపుండాది. మాటలు పోతాండాయి. ఆయన అందిస్తే చెప్తాండాను. ఇంతే నాటకం. ఇంకేమన్నా అడగాలంటే నన్నే అడగండి."

చర్చ ఆడికే ఆపి, భోజనాలకు లేపినారు.

బయట భోజనాల కాడ చిత్తూరు ట్రూపాయన కనపడినాడు. దసరాకు మా నాటకంలో మీదే పెద్ద వేషమన్నా అని నెల కిందట యోగానందన్నకు చెప్పినాయన. ప్లేటు పట్టుకోని, సూసి ఫోన్ చేస్తానన్నా, ఆరోగ్యం జాగర్త అని పప్పు కాడికి పోయినాడు. ఇంతవరకూ ఫోను రాలేదు. అన్న భయపడింది జరిగింది. చేసింది నేనే.

బస్సు వడమాలపేటలో ఆగినా నేను దిగలేదు, ఆయనతో పాటే పోయినాను. పుత్తూరు దాటినాక, నువ్వు చేసింది తప్పే అన్నాడు. తప్పే అన్నాను.

"నీ మీద కోపం ఇంకా పోలేదు. అది కూడా మర్సిపోతానేమో, మర్సిపోయేలోపు తిట్టించుకో," అన్నాడు. నగరి వచ్చేదాకా తిట్టినాడు. ఒక్క మాట కూడా మర్సిపోలేదు.

అందుకే అప్పా, ఇంత దూరం చదివినోళ్ళు ఒక్క పని చెయ్యండి. మీ నాటకాల గ్రూపుల్లో, చిత్తూరు, పలమనేరు, కాళహస్తి, యాడ ట్రూపులుంటే ఆడికి దీన్ని పంపండి. నగరి యోగానంద ఇంకా వేషం కడతాడని చెప్పండి. రాజు వేషమైనా సరే, ఐర్లండు నాటకమైనా సరే. పిలిస్తే ఇద్దరం వస్తాము. ఆయన పక్కన నాకొక ముక్కాలిపీట ఎయ్యండి, చాలు.