ముడి విప్పిన చేతులు

ఎవరైనా గుమ్మం తొక్కితే చాలు, బాలనర్సయ్య చేతులు కండువా కింద దాచేసేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం యజమానిగా ఆయన కాలనీ అంతటికీ తెలుసు. పోచంపల్లి పక్క ఊళ్ళో నూలుకు రంగులద్దుతూ పెరిగిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు. సకల జనుల సమ్మెకు దుకాణం మూశాక ఊరికే కూర్చోలేక, వెనక గదిలో పాత పని ముందేసుకున్నాడు. వేళ్ళకు ఎర్రరంగు పట్టేసింది. చదువుకున్నవాళ్ళ ముందు ఆ వేళ్ళంటే ఆయనకు సిగ్గు. పాఠకులారా, ఆ సిగ్గు ఆయనకెవరు నేర్పారో మీరే ఆలోచించండి.

ఆ సాయంత్రం ఎదురింటి పట్టాభి, భార్య కౌసల్యమ్మతో వచ్చాడు. ఎల్‌బీ నగర్ కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పే గుంటూరు మనిషి. మెదడులో కణితికి ఆపరేషన్ అయింది, మిగిలిన ముక్క మందులకు లొంగడం లేదు. బాలనర్సయ్య కూతురు డాక్టర్ ప్రసన్నలక్ష్మి పనిచేసే దవాఖానలో కొత్త వైద్యమొకటి పరీక్షిస్తున్నారు. అందులో చేరతాడో లేదో రేపు ఉదయానికల్లా చెప్పాలి.

"నామీద ప్రయోగాలేంటమ్మా? ఉన్న మందే మోతాదు పెంచండి," అన్నాడు పట్టాభి.

"మెదడులో రక్తనాళాల గోడలు మందును లోపలికి రానియ్యవు సార్. ఎంత పెంచినా మిగతా ఒళ్ళే ఖరాబైతది." ప్రసన్నలక్ష్మి కాగితం మీద బొమ్మలు కూడా గీసింది. ఆయన తల అడ్డంగానే ఊపాడు. కౌసల్యమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

బాలనర్సయ్యకు ఉండబట్టలేదు. వెనక గదిలోంచి తడి నూలుపోగుల చిలప ఒకటి పట్టుకొచ్చాడు.

"సార్, గీ నూలు పొద్దుగాల్నుంచి రంగులనే ఉన్నది. జర చూడుండ్రి." రబ్బరు పట్టీ బిగించి కట్టిన చోట ముడి విప్పాడు. లోపల నూలు తెల్లగా ఉంది. "కట్టిన కాడ రంగెక్కదు. గంగాళం నిండ పోసినా గంతే. ఎక్కాల్నంటే ముడి విప్పాలె."

"విప్పి వదిలేస్తే?" లెక్చరరు కదా, ప్రశ్న రానే వచ్చింది.

"అన్ని రంగులు కలిసి చీర నాశనమైతది. కావల్సిన రంగు ఎక్కంగనే మళ్ల కడతం."

ప్రసన్నలక్ష్మి తండ్రిని కొత్తగా చూసింది. "మేం చేసేది గిదే సార్. ఆ గోడను కొద్దిసేపు సడలిస్తం, అప్పుడే మందు పంపిస్తం. తర్వాత అదే మూసుకుంటది. వాపు రావచ్చు, ఫిట్స్ రావచ్చు. నయమైతదని మాట ఇయ్యలేను."

పట్టాభి ఆ తెల్లటి నూలును వేలితో తడిమాడు. తర్వాత పెన్ను అడిగాడు.

మరుసటి వేసవికి స్కానులో కణితి సగానికి తగ్గింది. మళ్ళీ పాఠం చెప్పబోయిన మొదటి రోజే పట్టాభి బాలనర్సయ్యను తరగతికి తీసుకెళ్ళాడు. నూరుమంది పిల్లల్ని చూడగానే, సమ్మె ముగిసినా మానని అద్దకంతో ఇంకా ఎర్రగానే ఉన్న బాలనర్సయ్య చెయ్యి కండువా కిందికి పోయింది. పట్టాభి ఆ సాయంత్రపు నూలు సంగతంతా పిల్లలకు చెప్పి, ఆ చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. పిల్లల చప్పట్లకు బాలనర్సయ్య గుండె పొంగింది, చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"నా బుర్రకెక్కని పాఠం ఈ చెయ్యి చెప్పింది," అన్నాడు పట్టాభి. "రంగంటిన చేతిలోనూ చదువుంటుంది పిల్లలూ. ఇన్నాళ్ళూ ఈయన దీన్ని దాచుకున్నాడంటే, సిగ్గుపడాల్సింది మనం."