పసుపు గీత దాటిన మూరెడు గుడ్డ

తాళం వేసిన షెడ్డులో మగ్గం తిరుగుతోంది.

మిట్టమధ్యాహ్నం. నగరిలోని ఆ నేతవీధిలో మరమగ్గాలు ఆగిపోయి నలభై ఒక్క రోజులైంది. కూలి పెంచేదాకా మగ్గం ముట్టేది లేదని నేతగాళ్లు సమ్మె కట్టిన తర్వాత ఆ వీధికి నిశ్శబ్దం అలవాటైపోయింది. అట్లాంటిది వీధి చివరి షెడ్డులోంచి ఉన్నట్టుండి టకటకమని చప్పుడు లేచేసరికి, అరుగుల మీద కునుకు తీస్తున్నవాళ్లు ఉలిక్కిపడి కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఎవరి తలుపులు వాళ్లు మూసుకున్నారు.

అది జయరామయ్య మగ్గం. జయరామయ్య చనిపోయి ఆ రోజుకు పదకొండో రోజు.

"మీ నాయన వచ్చినాడే" అంది చౌడేశ్వరమ్మ. కర్మకు వండిన వంటలన్నీ ఆమె ముందు చల్లారిపోతున్నాయి. తినడానికి ఒక్కరూ రాలేదు. "విను. నాలుగు దెబ్బలకొకసారి కుంటతాండాది. ఆయన మగ్గమే అది."

కూతురు ఉదయలక్ష్మి వింటూనే ఉంది. ఇరవై ఆరేళ్లుగా ఆ చప్పుడుతోనే నిద్రపోయి, ఆ చప్పుడుతోనే లేచిన పిల్ల. పొరపాటు పడే అవకాశం లేదు. ఆమె లేచి చెప్పులేసుకుంది.

"యాడికి మే?"

"మగ్గం ఆపేదానికి. సమ్మెలో మగ్గం తిరగకూడదు గదా అమ్మా."

వీధి పొడవునా కిటికీల వెనక కళ్లు ఆమెను వెంటాడాయి. ఒక్క పలకరింపు లేదు. పదకొండు రోజులుగా అంతే. కొళాయి దగ్గర ఆమె బిందె పెడితే పక్కవాళ్లు తమ బిందెలు దూరంగా జరుపుకుంటున్నారు.

దానికి కారణం ఒక పసుపు గీత.

సమ్మె మొదటి రోజున సంఘం ఒక కట్టుబాటు చేసింది. ప్రతి షెడ్డుకూ వెళ్లి, మగ్గం ఆగినచోట, నేసిన గుడ్డ అంచున, తడిపసుపుతో అడ్డంగా ఒక గీత గీశారు. ఎవడైనా దొంగచాటుగా నేస్తే గీత జరిగిపోతుంది, గీత దాటి కొత్త గుడ్డ కనబడుతుంది. దాచలేడు. ఆ ఉపాయం సంఘం అధ్యక్షుడు జయరామయ్యదే. పసుపు గిన్నె పట్టుకుని షెడ్డు షెడ్డుకూ తిరిగిందీ ఆయనే.

చివరికి ఆయన మగ్గం మీదే గీత మూరెడు జరిగింది.

ముప్పయ్యో రోజు రాత్రంతా ఉరుములతో వాన, ఏ చప్పుడూ వీధికి వినబడలేదు. ముప్పై ఒకటో రోజు పొద్దున ఆ షెడ్డులో ఆయన శవం దొరికింది. మెడలో తువ్వాలు మోటారు బెల్టులో చిక్కుకుని ఉంది. తల వెనక దెబ్బ. మొదట చూసి కేక పెట్టినవాడు సంఘం కార్యదర్శి ధనుంజయ, చౌడేశ్వరమ్మకు స్వయానా తమ్ముడు. లైన్‌మన్ స్తంభం దగ్గర ఆ షెడ్డుకు కరెంటు తీసేశాడు. పోలీసులు ప్రమాదమని రాసుకుని వెళ్లారు. వీధి మాత్రం పసుపు గీత చూసి వేరే తీర్పు చెప్పింది. అందర్నీ పస్తులు పెట్టి, తాను యజమానితో కుమ్మక్కై దొంగతనంగా నేస్తూ చచ్చాడని. పాడె మోయడానికి మనుషులు దొరకలేదు. ముగ్గురు చుట్టాలు ముందుకొచ్చారు. నాలుగో భుజం ధనుంజయ పట్టాడు.

ఇవాళ సాయంత్రం నాలుగింటికి సభ. కూలి పెంచకుండానే పనిలోకి రమ్మని యజమానులు పంపిన ఒప్పందానికి చేతులెత్తుతారు. ఎత్తితే సమ్మె అయిపోతుంది. సమ్మెను కాటేసినవాడిగా తండ్రి పేరు ఆ వీధిలో శాశ్వతంగా నిలిచిపోతుంది.

షెడ్డు ముందు కాపలాదారు సుబ్బన్న వేపచెట్టును కరుచుకుని నిలబడి ఉన్నాడు.

"సుబ్బన్నా, తాళం తియ్."

"నేను తియ్యనమ్మా. పెండ్లాం బిడ్డలుండేవోణ్ణి."

"లోపలుండేది మా నాయన. దయ్యమైనా నన్నేం చేస్తాడు?"

"నిన్నేం చేయడు. నన్ను చేస్తాడు. పోయేదానికి ముందు దినం బీడీ అడిగినాడు. జోబీలో పెట్టుకుని లేదని చెప్పినా."

అంత బాధలోనూ ఆమెకు నవ్వొచ్చింది. సుబ్బన్న చెట్టు వదలకుండానే తాళంచెవి విసిరాడు.

లోపల ఎనిమిది మగ్గాలు. ఏడు చచ్చినట్టు పడి ఉన్నాయి. కిటికీ పక్కది మాత్రం ఊగిపోతోంది. అడ్డదారం మోసే నాడాలో నూలు ఎప్పుడో అయిపోయింది. అయినా అది ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఉత్తినే దూకుతోంది. మగ్గం ముందు ఎవరూ లేరు. తండ్రి నిలబడే చోట నేల మాత్రం నున్నగా, పాదాల మేరకు అరిగి ఉంది.

ఉదయలక్ష్మి ఆ అరిగిన చోటే పాదాలు పెట్టి పిడి కిందికి లాగింది. మగ్గం ఆగింది.

అప్పుడు అర్థమైంది. శవాన్ని తీసిన రోజు పిడి ఎవరూ దించలేదు. చచ్చినవాడి మగ్గాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికుంది? ఇవాళ సభలో మైకుకు ఈ షెడ్డులోంచే కరెంటు కావాలని ధనుంజయ లైన్‌మన్‌ను పిలిపించి లైను వేయించాడు. కరెంటు రాగానే మగ్గం దానంతటదే లేచింది. అంతే. బుద్ధికి సమాధానం దొరికింది. ఒంటికి దొరకలేదు. చేతుల మీద రోమాలు ఇంకా నిక్కబొడుచుకునే ఉన్నాయి. ఆగిన మగ్గం చెవుల్లో ఇంకా కుంటుతూ నడుస్తూనే ఉంది.

వెనక్కి తిరగబోయి ఆగింది. నేసిన గుడ్డ చుట్టుకునే దోనె కర్ర మీద పసుపు గీత కనబడింది. దాని తర్వాత ఆ మూరెడు గుడ్డ. ఈ వీధి మొత్తం దూరం నుంచి చూసి ఉమ్మేసిన గుడ్డ. దగ్గరకొచ్చి ముట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఉదయలక్ష్మి పని పడుగులు అతకడం. ఒక పడుగు అయిపోతే, కొత్త పడుగులోని వేల దారాలను పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా ముడేస్తుంది. పదేళ్లుగా ఈ ఊళ్లోని ప్రతి మగ్గం మీదా ఆమె వేళ్లు తిరిగాయి. కళ్లు మూసుకుని గుడ్డ తడిమితే చాలు, ఏ దారం ఎక్కడ తెగిందో, ఎవరు కట్టారో చెప్పగలదు. నేతలో దారం తెగుతూనే ఉంటుంది. నేతగాడు మగ్గం ఆపుతాడు, వంగి ముడేస్తాడు, మళ్లీ తిప్పుతాడు. ఎవరి ముడి వాళ్లదే.

ఆమె గుడ్డ తడిమింది. ఒక ముడి. జానెడు దూరంలో ఇంకొకటి. అంచు దగ్గర మూడోది.

తండ్రి ముడి కొసను పంటితో కొరికేస్తాడు. వేలికి తగలదు. ఇవి తగులుతున్నాయి. రెండు చుట్లు, కొస ఎడమకు పొడుగ్గా. ఎడమచేత్తో వేసిన ముళ్లు.

ఎడమచేత్తో ముడేసేవాడు ఊరు మొత్తానికీ ఒక్కడే. చిన్నప్పుడు మగ్గం చక్రంలో పడి కుడి బొటనవేలు నలిగింది. పుత్తూరుకు తీసుకుపోయేసరికే ఆలస్యమైంది. ఆ వేలు ఇప్పటికీ వంగదు.

మామ.

ఆమెకు కళ్లముందు అంతా కనబడింది. కిందపడి ఉన్న శవం. దాని పక్కనే నిలబడి, గీత జరపడానికి గబగబా నేస్తున్న మనిషి. దారం తెగింది. వదిలేస్తే ఏమవుతుంది? గుడ్డలో సన్నటి సందు పడుతుంది, అంతే. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. కానీ ముప్పై ఏళ్ల నేత. తెగిన దారం కనబడితే ఆ చేతులు ఊరుకోలేవు. మగ్గం ఆపి, వంగి, ముడేశాయి. పక్కన మనిషి చచ్చిపడి ఉండగా, మూడుసార్లు.

మగ్గానికి వేలాడుతున్న కత్తెర అందుకుని ఆ మూరెడు గుడ్డా కోసింది. మడతపెట్టి కొంగులో దోపుకుంది.

"ఏం చేస్తాండావు పాపా ఈడ?"

ధనుంజయ గుమ్మంలో ఉన్నాడు. కళ్లు ముందు మగ్గం మీదికి వెళ్లాయి, తర్వాత కోసిన అంచు మీదికి, తర్వాత ఆమె కొంగు మీదికి. తలుపు సగం మూశాడు.

"ఆ గుడ్డ ఇట్లియ్యి."

"దీంట్లో మూడు ముళ్లుండాయి మామా."

అతని గొంతు మామూలుగానే ఉంది. ఆమెకు అదే ఎక్కువ భయమేసింది.

"మాట్లాడుకుందాం రా అని నేనే పిలిచినా. యజమానుల కాగితం మీద నేను సంతకం పెట్టింది ఆయనకు తెలిసిపోయినాది. అందరి ముందరా చెప్తానన్నాడు. కాలరు పట్టుకున్నాడు. తోసినా. తల ఇనుముకు తగిలినాది. ఒక్క తోపు ఉదయా, అంతే."

"తువ్వాలు గూడా ఒక్క తోపులోనే బెల్టులోకి పోయినాదా?"

ధనుంజయ కళ్లు మోటారు బెల్టు మీదికి పోయి తిరిగొచ్చాయి.

"సంపింది ఒగ తూరి. గీత జరిపి రెండోతూరి ఎందుకు సంపినావు? పదకొండు దినాలుగా మాయమ్మకు ఈ వీధిలో నీళ్లు పుట్టలేదు."

"పస్తులుండి ఎన్నాళ్లు సాగతాది సమ్మె? ఎట్లయినా పొయ్యేదే. నాకు మేస్త్రి పని ఇస్తామన్నారు. మీకు నేను అండగా ఉంటా." రెండడుగులు దగ్గరకొచ్చాడు. "మీయమ్మకు పుట్టింటోడంటే నేనొక్కణ్ణే. మా అమ్మ పోయినాక నన్ను ఎత్తుకుని పెంచింది. మొగుడు పోయినాడు. ఇప్పుడు తమ్ముణ్ణి గూడా నువ్వే తీసేస్తావా? పో, అడిగి రాపో మీయమ్మను."

బయటినుంచి సుబ్బన్న కేకేశాడు. "ధనుంజయన్నా, మైకు పలకతాండాదంట! పిలస్తాండారు!"

ధనుంజయ గుమ్మం దాటుతూ నవ్వినట్టే చూశాడు. "నీ నోట్లోంచి రాదులే. నాకు తెలుసు."

నిజమే. దారి పొడవునా ఆమె ఆ పేరు పలకడానికి ప్రయత్నించింది. రాలేదు. ఇంటికెళితే తల్లి నుదుట విభూది పెట్టుకుని, చీర మార్చుకుని సిద్ధంగా ఉంది.

"సభకు నేనూ వస్తా. మీ నాయన తరఫున చేతులు జోడిస్తా. మన్నించినామని ఒగ మాటంటే సాలు, ఆయన ఆ మగ్గం వదిలి పోతాడు."

ఉదయలక్ష్మి కొంగులోని గుడ్డను ఇంకా లోపలికి దోపుకుంది.

నాలుగింటికి పందిరి కింద మూడువందల మంది. ఆడవాళ్లు ఒక పక్క. తల్లీకూతుళ్లు చివర కూర్చోగానే చుట్టూ జాగా ఖాళీ అయింది. మైకు ముందు ధనుంజయ.

"అన్నలారా, మధ్యాహ్నం అందరూ విన్నారు గదా. మా బావ మగ్గం దానంతటదే తిరిగినాది. సచ్చినోడి ఆత్మ గూడా మగ్గం తిప్పండప్పా అని చెప్తాండాది. ఇంకా మనకెందుకు పంతం? ఒప్పుకునేవోళ్లు చేతులెత్తండి."

భయంతో కొన్ని చేతులు లేచాయి. ఇంకా కొన్ని లేస్తున్నాయి. ఉదయలక్ష్మి లేచి, జనం మధ్యలోంచి నడిచి, ముందు వరసలో కూర్చున్న తిరుమలయ్య దగ్గర ఆగింది. ఆ వీధిలో నేతకు పెద్దదిక్కు ఆయన. కళ్లు మసకబారాయి, వేళ్లు కాదు.

"తాతా, మా నాయన మగ్గం మీద గీత దాటిన గుడ్డ ఇది. వేళ్లతో సూడు."

"ఇది సభ! ఆడపిల్లను పక్కకు పిలవండప్పా!" మైకులో గొంతు చీరింది.

తిరుమలయ్య గుడ్డ అందుకున్నాడు. మొదటి ముడి దగ్గర వేలు ఆగింది. రెండోదాని దగ్గర ఆగింది. మూడోది చూడలేదు. తలెత్తి మైకు వైపు ఒకసారి చూసి, మాట్లాడకుండా పక్కవాడి చేతిలో పెట్టాడు. అతను తడిమాడు. తలెత్తాడు. పక్కకిచ్చాడు. వరసల వెంట గుడ్డ నడిచింది. గుడ్డ దాటినచోటల్లా లేచిన చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఒక్క గొంతూ పెగల్లేదు. కార్యదర్శి. పాడె మోసిన మనిషి. ఎవరంటారు ఆ మాట? మైకు ఒక్కటే గుయ్యిమంటోంది.

"ఏముండాదంట దాంట్లో? ఎవడైనా నోరు తెరవండి!"

గుడ్డ ఆడవాళ్ల వైపు మళ్లింది. ఉదయలక్ష్మి పరుగెత్తింది గానీ, అప్పటికే అది తల్లి ఒళ్లో ఉంది.

"అమ్మా, వద్దు. ఇట్లియ్యి."

చౌడేశ్వరమ్మ ఇవ్వలేదు. మూడు ముళ్లనూ మూడుసార్లు తడిమింది. పసిబిడ్డ వేళ్లు లెక్కపెడుతున్నట్టు నెమ్మదిగా. తర్వాత మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి నిలబడింది. జనం దారి ఇచ్చారు. పదకొండు రోజుల్లో మొదటిసారి.

"అక్కా, కూర్చో" అన్నాడు ధనుంజయ. మైకులో కాదు, మామూలుగా.

"కుడిచెయ్యి ముడెయ్యలేక మగ్గం కింద కూర్చుని ఏడిస్తే, వీడికి ఎడమచేత్తో ముడి నేర్పింది నేనప్పా" అంది ఆమె జనంతో. "రెండు చుట్లు. కొస ఎడమకు. వచ్చేదాకా అన్నం పెట్టలేదు వీడికి."

ఆమె గుడ్డను రెండు చేతులా పైకెత్తింది.

"మా ఆయన మగ్గం ముట్టలేదు. ఆయన్ను సంపి, ఆయన మగ్గం మీద నేసింది నా తమ్ముడు ధనుంజయ."