వేడినీళ్ళ దారి

“టవల్!”

రోజూ పొద్దున్నే మా ఇంట్లో గట్టిగా వినిపించే మొదటి మాట ఇదే. మా ఆయన స్నానాల గదిలోకి ఒట్టి చేతులతో వెళ్తారు. స్నానం అయ్యాక తలుపు సందులోంచి ఒక చెయ్యి బయటికొస్తుంది. పొయ్యి మీద ఏది మాడుతున్నా, ఫోన్లో ఆఫీసువాళ్ళు ఎదురుచూస్తున్నా, ఆ చేతికి నేను టవల్ అందించాలి. పెళ్ళయిన కొత్తలో ఆ చెయ్యి చూసి సిగ్గుపడేదాన్ని కూడాను. ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

ఇందులో నవ్వొచ్చే సంగతేమిటంటే, నా ఉద్యోగమే స్నానాల గదులు గీయడం. అంటే, అవొక్కటే కాదులెండి. కొత్తగా ఒక భూగర్భ గని తవ్వబోతున్నారు. కింద సొరంగాలు ఎటు సాగాలో వేరేవాళ్ళు చూస్తారు, పైన ఏది ఎక్కడుండాలో నేను చూస్తాను. మనుషుల్ని దింపే లిఫ్టు, లోపలికి గాలి పంపే ఫ్యాన్లు, తలకి పెట్టుకునే దీపాలిచ్చే గది, క్యాంటీన్, వర్క్‌షాపు, తవ్వి తీసిన రాయి పోసే కుప్ప. ఆ కుప్ప మీది దుమ్ము క్యాంటీన్ వైపు కొట్టకూడదు. బురదతో పైకొచ్చిన మనిషి లారీల రోడ్డు దాటే పని ఉండకూడదు. చెమట ఒంటికి చలిగాలి తగలకుండా, లిఫ్టు నుంచి స్నానాల గది దాకా పైకప్పున్న దారి ఉండాలి. అక్కడ వందల మంది మగవాళ్ళు ఎవరి బట్టలు వాళ్ళు కొక్కేనికి తగిలించి, గొలుసు లాగి పైకప్పు దాకా ఎక్కించి, పనయ్యాక దింపుకుంటారు. టవలూ ఆ కొక్కేనికే. ఒక్కడికీ పెళ్ళాం వచ్చి అందించదు. ఈ మాట ఇంట్లో అంటే మా ఆయన పగలబడి నవ్వారు. “నువ్వేమన్నా గనిలోకి దిగి తవ్వుతున్నావా? పైన బాత్రూములే కదా గీసేది!”

దిగానండీ. చదువైన కొత్తలో, ట్రైనింగులో దిగాను. పొద్దున్నుంచీ గుక్కెడు మంచినీళ్ళు తాగకుండా దిగేదాన్ని. ఎందుకో ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. పైకొచ్చాక మగవాళ్ళంతా ఈలలేసుకుంటూ వేడినీళ్ళ కిందికి పోయేవారు. నేను వర్క్‌షాపు వెనక కుళాయి దగ్గర మొహం, చేతులు కడుక్కుని, ఎండిన బురదతోనే బస్సెక్కేదాన్ని. బస్సంతా కిక్కిరిసినా నా పక్క సీటు ఖాళీగానే ఉండేది. అయినా నాకు కింద పనంటే ప్రాణం. దీపం పడినచోట రాయి తళుక్కుమంటే బస్సూ గుర్తుండేది కాదు, దాహమూ గుర్తుండేది కాదు. కింద ఉద్యోగమే కావాలని అడిగితే, “ఆడవాళ్ళకి సదుపాయాల్లేవమ్మా, నీడపట్టున కూర్చుని ప్లానులు గీసుకో” అన్నారు. అప్పట్నుంచీ గీస్తూనే ఉన్నాను.

ఈసారి లిఫ్టుకి దగ్గర్లోనే ఆడవాళ్ళకో స్నానాల గది గీశాను. గని పని నేర్చుకున్న అమ్మాయిలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. గని తెరిచేనాటికి ఆ గది ఉంటే వాళ్ళు దిగుతారు. లేకపోతే నాకు చెప్పిందే వాళ్ళకీ చెప్తారు.

మొన్న మీటింగులో మా పెద్ద ఇంజనీరు సరిగ్గా ఆ గది మీదే పెన్సిల్ ఆనించాడు. ఆయన్ని మేం చాటుగా చుక్కలాయన అంటాం. ప్లానులో ఇప్పుడు కట్టేదానికి నిండు గీత, ఎప్పుడో కట్టేదానికి చుక్కల గీత. ఆయనకి అక్కర్లేదనిపించిందల్లా చుక్కలైపోతుంది.

“ఇది చుక్కల్లో పెట్టమ్మా. ఆడవాళ్ళు చేరాక కడదాం.”

“గది లేకపోతే ఎలా చేరతారు సార్?”

“ఎవరూ చేరకుండా గదెందుకమ్మా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చేదాకా నన్ను పీకిందదే. వాళ్ళు నవ్వితే నవ్వారు, నేనెందుకు నవ్వినట్టు?

ఆ సాయంత్రం వంట ముగించి, భోజనాల బల్ల తుడిచి, ప్లాను పరిచి, ఆ గది గీతని చెరిపి చుక్కలు చేద్దామని రబ్బరు పట్టుకుని కూర్చున్నాను. మర్నాడు దానిమీద సంతకం పడితే ఇక పునాదులు తవ్వడమే. మా అత్తయ్య కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డారు.

“ఏమిటే అమ్మాయ్ ఇది?”

“గనిలో పనిచేసే ఆడవాళ్ళకి స్నానాల గది అత్తయ్యా.”

“నాలుగు మగ్గులు పోసుకోడానికి ఇంత గదా!” అన్నారు. వెళ్ళిపోతారనుకున్నాను, వెళ్ళలేదు. “వేడినీళ్ళొస్తాయా?”

“వస్తాయి. కంప్రెసర్లని పెద్ద యంత్రాలుంటాయి, నడుస్తుంటే కాలిపోతుంటాయి. ఆ వేడితోనే నీళ్ళు కాస్తాం.”

“ఆఖర్న పోసుకున్నవాళ్ళకి కూడానా?”

నా చేతిలో రబ్బరు ఆగిపోయింది. మా ఇంట్లో గీజర్ చిన్నది. ముందు మా ఆయన, తర్వాత పిల్లలు, ఆ తర్వాత ఆఫీసు టైమవుతోందని నేను, అందరికంటే ఆఖర్న అత్తయ్య.

“మీకు చన్నీళ్ళే హాయంటారు కదా అత్తయ్యా?”

“అనక ఏం చెయ్యమంటావే?” అని నవ్వేసి వెళ్ళారు.

ఆ నవ్వు నాకు తెలుసు. మీటింగులో నేను నవ్విందీ అదే నవ్వు.

గీత చెరిపి చుక్కలు చేసే పని మానేసి ప్లాను మళ్ళీ మొదట్నుంచీ చూశాను. కంప్రెసర్ల గది ఒక కొసన, మగవాళ్ళ స్నానాల గది ఇంకో కొసన. వేడినీళ్ళ పైపు ఊరంతా తిరిగొచ్చినట్టు చుట్టూ తిరిగి వెళ్తోంది. ఎందుకంత తిరుగుడు? ఆడవాళ్ళ గదిని తెచ్చి రెంటికీ మధ్యలో, మగవాళ్ళ గది గోడకి ఆనించి, ఒకే కప్పు కింద పెట్టాను. వేడినీళ్ళ ట్యాంకుని సరిగ్గా దానిమీద కూర్చోబెట్టాను. పైపు నేరుగా వచ్చి, ముందు ఆడవాళ్ళకి నీళ్ళిచ్చి, ఆ గోడలోంచే మగవాళ్ళ వైపు వెళ్తుంది. పైపు పొడవు సగానికి తగ్గింది, ఒక గోడా కలిసొచ్చింది. అంతా నిండు గీతే గీశాను.

మర్నాడు చుక్కలాయన పెన్సిల్ మళ్ళీ అక్కడే ఆగింది.

“చుక్కల్లో పెట్టమన్నాను కదమ్మా?”

“పెట్టొచ్చు సార్. కాకపోతే ట్యాంకు దానిమీదే ఉంది. అది కట్టకపోతే మగవాళ్ళకీ వేడినీళ్ళు రావు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. పైపుల పని చూసే ఇంజనీరు ప్లాను తనవైపు లాక్కుని, వేలితో ఆ దారంతా తడిమి, “దగ్గర దారే సార్. ముందు మనకెందుకు తట్టలేదో!” అన్నాడు. చుక్కలాయన కాసేపు గడ్డం గోక్కుని, పెన్సిల్ జేబులో పెట్టి, పెన్ను తీశాడు. “గట్టిదానివేనమ్మా” అంటూ సంతకం చేశాడు. నాకు అక్కడే ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ ప్లాను చుట్టుకుని మెల్లిగా బయటికి నడిచాను.

ఇంటికొచ్చీ రాగానే అత్తయ్యకి చెప్పాను.

“అయితే ముందు వాళ్ళకేనా?”

“ముందు వాళ్ళకే. రేపు పొద్దున మనింట్లో కూడా ముందు మీరే వెళ్ళండి.”

“అబ్బాయికి ఆఫీసు టైమవుతుందేమోనే!”

“ఒక్కరోజు ఆగితే ఏం కాదులెండి.”

ఈ పొద్దున మా స్నానాల గది తలుపు కిందనుంచి ఆవిరి వస్తోంది. బయట మా ఆయన గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు. “అమ్మా, ఇంకా ఎంతసేపు?” లోపల్నుంచి వినిపించేదల్లా నీళ్ళ చప్పుడు, దానితోపాటు ఏదో కూనిరాగం. అత్తయ్య పాడతారని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. కాసేపటికి నీళ్ళ చప్పుడు ఆగి, తలుపు సందులోంచి ముడతలు పడ్డ చెయ్యి ఒకటి బయటికొచ్చింది.

“టవల్ మర్చిపోయానురా!”

ఆవిడ ఏదైనా మర్చిపోగా నేనెప్పుడూ చూడలేదు. మా ఆయన నావైపు చూశారు. నేను భోజనాల బల్ల మీద పరిచిన ప్లాను మీంచి తలెత్తలేదు. ఆ చెయ్యి అలాగే ఎదురుచూస్తోంది.

“ఏమోయ్,” అన్నారాయన చివరికి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి, “మనింట్లో టవళ్ళు ఎక్కడుంటాయి?”