ఒక్కసారే మెరిసే ఫ్లాష్

స్టూడియో నడిపేది భార్యాభర్తలు. ఇద్దరూ ఫొటోగ్రాఫర్లే. వాళ్ళ దగ్గర ఒక పాత ఫ్లాష్ ఉంది, దాని పేరు ‘ముసలాయన’. ఇటుకంత బరువు, బ్యాటరీల మూత ఊడిపోకుండా చుట్టిన రబ్బరు బ్యాండు, ఛార్జి ఎక్కుతున్నంతసేపూ సన్నటి కూత. కొత్త కెమెరా చెప్పేదేదీ దాని చెవికెక్కదు. వెలుగు ఎంత కావాలో మనమే చేత్తో తిప్పి పెట్టాలి. భర్త పారేద్దామన్నప్పుడల్లా, వెనక తెరకు వెలుగివ్వడానికి పనికొస్తుందని ఆవిడ అడ్డుపడేది. అసలు కారణం ప్రేమేనని ఒప్పుకోవడానికి మొహమాటం.

ఎంతోమందిని అందంగా తీసిన ఆ ఇద్దరికీ చిక్కనిది ఒక్కరే, ఆవిడ సొంత అక్క. బట్టలు కుట్టే మనిషి. చూపు మహా చురుకు. ఫొటోలో మాత్రం ఎప్పుడూ కళ్ళు మూసుకునే ఉంటుంది. ఇంట్లో ఆల్బమ్ నిండా అక్క నిద్రపోతూనే ఉంది. మరిది, అంటే చెల్లెలి భర్త, ఆమెకు ‘కునుకు వదిన’ అని పేరు కూడా పెట్టాడు.

ఇప్పుడది నవ్వులాట కాదు. అక్క ఎడమ కంట్లో కణితి లేచింది. మర్నాడు ఆ కన్ను తీసేస్తారు. రెండు కళ్ళూ తెరిచి ఉన్న ఫొటో ఒక్కటైనా కావాలని పొద్దున్నే స్టూడియోకి వచ్చింది. ఎండ వెలుగు ఆ కంటికి పడదు, కిటికీ దగ్గర కూర్చోబెడితే రెండూ చికిలిస్తుంది. తెరలు దించి గది మసక చేస్తే చక్కగా విప్పారాయి. ఫ్లాష్ నేరుగా మొహాన కొట్టకుండా గోడకేసి కొడితే ఫరవాలేదని డాక్టరు చెప్పాడట.

మరిది కొత్త ఫ్లాష్ బిగించాడు. వెలుతురు సంగతి అదే చూసుకుంటుందని ఆయనకు ఎంత గర్వమో. తీసినవన్నీ మూసిన కళ్ళే. బతిమాలాడు, జోకులేశాడు, చివరికి చేతులెత్తేశాడు. చెల్లెలికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఒక్క క్షణం రెప్ప ఆపుకోలేవా అని అక్కని కసిరింది.

అక్క నొచ్చుకోలేదు. “తెరిచే ఉంచుతున్నానే. మొదటి మెరుపుకు మూతపడిపోతున్నాయి. అసలుది ఆ తర్వాత కదా వచ్చేది?”

చెల్లెలు కెమెరా మీది ఫ్లాష్ కేసి చూసింది. కొత్త ఫ్లాష్ రెండుసార్లు మెరుస్తుంది. ముందు చిన్నగా మెరిసి వెలుతురు లెక్క చూసుకుంటుంది, వెంటనే అసలు మెరుపు. చాలామందికి రెండూ ఒకటిగానే తోస్తాయి. ఫొటోగ్రాఫర్లిద్దరికీ ఈ సంగతి మొదటినుంచీ తెలుసు. రెప్పలు చురుకైన మనిషి మొదటిదానికే కళ్ళు మూసేస్తుందని మాత్రం ఇన్నేళ్ళూ తట్టలేదు. పరికరం చేసిన తప్పుకు అక్కని ఆడిపోసుకున్నారు.

కొత్తదాన్నీ ఒక్కసారే మెరిసేలా మార్చుకోవచ్చు. ఆ మెనూలన్నీ వెతికే ఓపిక ఆమెకప్పుడు లేదు. అల్మారాలోంచి ముసలాయనను దించింది. దాని ప్రతి మీటా ఆమె వేళ్ళకు తెలుసు.

మొదటి ఫొటోలో అక్క మొహం సున్నం కొట్టినట్టు వచ్చింది. కానీ కళ్ళు తెరిచే ఉన్నాయి. చెల్లెలు వెలుగు సగానికి తగ్గించి, ఫ్లాష్ తలను గోడవైపు ఇంకాస్త తిప్పి, కూత ఆగేదాకా కాచుకుంది. ఒకే ఒక్క మెరుపు. ముందొకటి చూపించి తర్వాత ఇంకొకటి ఇచ్చే రకం కాదది.

ఎంత మెత్తగా పడిందో ఆ వెలుగు! నవ్వు గీతలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, రెండు కళ్ళూ నిండుగా ఉన్నాయి. మరిది ముసలాయనను రెండు చేతులా అందుకుని తన చొక్కా అంచుతో తుడిచాడు.

అక్క కెమెరా తెరను చాలాసేపు చూసింది. ఎడమది కుడిదానికంటే కాస్త పెద్దదని, ఇంతకాలం ఎవరూ చెప్పలేదేమని అడిగింది.

“కట్టు విప్పాక మళ్ళీ తియ్యి,” అంది అక్క. “దీంతోనే. మిగిలిన ఒక్కటీ మూసుకుపోయి వచ్చిందంటే ఊరుకోను.”