కామమ్మ వేసిన ముడి

వెంకటాచలంలో రైలు దిగేటప్పటికే కామమ్మకు సగం ప్రాణం పోయింది. దొరవారిసత్రంలో ఎక్కింది మొదలు, రోబో ఉన్న ప్లాస్టిక్ పెట్టెను పిల్లలు సీటు కిందికి తోసేసి కాళ్ళాడిస్తూ కూర్చున్నారు. ఆ పెట్టెలో బ్యాటరీ ఉంది. బ్యాటరీలు పేలతాయని ఆమె ఫోనులో చూసింది. ఒకటి కాదు, పది వీడియోలు. అందుకే గూడూరు దాటేదాకా కాళ్ళు సీటు మీదికి ముడుచుకుని, ఎక్కడన్నా కమురు వాసన వస్తుందేమోనని ముక్కు ఎగబీలుస్తూనే ఉంది.

"ఏంది మా, జలుబు చేసిందా?" అని సుభాషిణి అడిగింది.

"ఏం లేదులే."

సుభాషిణి ఆమెకు ఒక్కతే కూతురు. తొమ్మిదో తరగతి. తండ్రి మస్తానయ్య పులికాట్ సరస్సులో రొయ్యలు పడతాడు. తల్లి వలలు బాగుచేస్తుంది. కామమ్మ చదువు ఐదో తరగతితో ఆగిపోయింది కాబట్టి, కూతురు వైర్లు, మోటార్లు అంటూ మాట్లాడుతుంటే అన్నీ అర్థమైనట్టు తలూపడం అలవాటు చేసుకుంది. బళ్ళో ఐదుగురు పిల్లలు కలిసి ఈ రోబోను తయారుచేశారు. అందులో వైర్ల పని మొత్తం సుభాషిణిదే.

ఈ రోజు జరిగేది ఉత్త ప్రాక్టీసు. అసలు పోటీ వచ్చే నెల విజయవాడలో, ఐదు రోజులు. ఐదుగురిలో నలుగురికే చోటు. ఆ నలుగురు ఎవరో ఈ సాయంత్రం చెబుతానన్నాడు సైన్సు చెప్పే పద్మనాభయ్య సార్. తన పేరు ఉండాలని సుభాషిణి పది రోజులుగా చెంగాళమ్మ పటానికి మొక్కుతోంది. ఉండకూడదని కామమ్మ అదే పటానికి మొక్కుతోంది. ఐదు రోజులు! ఊరు కాని ఊరు. నీళ్ళు పడతాయో పడవో. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకునేది ఎవరు? మొన్న బడి మీటింగులో "నా బిడ్డను పంపను" అని తేల్చి చెప్పింది కూడా. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఈ ప్రాక్టీసుకు తోడుగా ఒక తల్లి రావాలని సార్ అడిగితే అందరికంటే ముందు బయలుదేరింది మాత్రం ఆమే.

ప్రాక్టీసు జరిగే బడి హైవే పక్కనే. నాలుగు ఊళ్ళ జట్లు వచ్చాయి. హాల్లో నేల మీద మెత్తటి నల్లచాపలు పరిచి, చుట్టూ మోకాలెత్తు గోడ పెట్టారు. లోపల పచ్చటి రింగులు చెల్లాచెదురుగా పడున్నాయి. మూలల్లో నిలువు కర్రలు. రోబోలు ఆ రింగులను ఏరి కర్రలకు తొడగాలి. రెండు జట్లు ఒక వైపు, రెండు జట్లు ఇంకో వైపు. ఇంతవరకు కామమ్మకు తెలిసింది. ఆ తర్వాతదేదీ బుర్రకెక్కలేదు.

మొదటి ఆటలో ఈ బడి జట్టు సుభాషిణి వాళ్ళ వైపే ఆడింది. ఆ జట్టు పెద్ద ప్రత్యూష అనే పిల్ల. ఆ పిల్ల రోబో రింగు తొడిగినప్పుడల్లా కామమ్మ కూడా చప్పట్లు కొట్టింది. ఆట అయ్యాక సుభాషిణి గోడకంటించిన కాగితం చూసొచ్చి, "అన్నం తిన్నాక వాళ్ళే మనకు ఎదటోళ్ళు మా" అంది.

"ఇందాక మనోళ్ళే గదా?"

"ఇందాక మనోళ్ళే."

"మధ్యలో ఏం గొడవొచ్చింది పాపా?"

"గొడవేం రాలా. అట్టా రాసినారు, అంతే."

కామమ్మ తలూపింది.

ఆ మొదటి ఆటలోనే సుభాషిణి వాళ్ళ రోబో చక్రం ఒకటి ఊడి దొర్లిపోయింది. కామమ్మ అయ్యో అంటూ లేచింది. రోబోను నడిపే పెంచల్ మాత్రం తప్పిపోయిన దూడ దొరికినట్టు ఎగిరాడు. "ఊడింది సార్! ఇయ్యాళే ఊడింది, విజయవాడలో కాదు!"

"మంచిది. రాయండి" అన్నాడు సార్. పిల్లలు పెద్ద నోట్సు తీసి, ఏం ఊడింది, ఎప్పుడు ఊడింది, ఎందుకు ఊడింది అని రాసుకున్నారు. ప్రత్యూష తన పెట్టెలోంచి నట్లు తెచ్చి, కింద కూర్చుని ఆ చక్రం తానే బిగించింది.

కామమ్మ ఉండబట్టలేక అడిగింది. "మీకు ఎదటోళ్ళం గదమ్మా మేము. మా చక్రం నువ్వెందుకు బిగిస్తా ఉండావు?"

"మీది కదలకపోతే మాకు ప్రాక్టీసు ఎట్టా అవుద్ది ఆంటీ?" అని ఆ పిల్ల నవ్వి వెళ్ళిపోయింది.

విరిగితే సంతోషపడతారు, శత్రువుకు సాయం చేస్తారు, ఓడినా గెలిచినా లెక్క లేదంటారు. దీనికోసమా పొద్దున్నే లేచి రైలెక్కి వచ్చింది?

అన్నాల వేళ పిల్లలతో బయటికి పోతూ, "మా, నువ్వు దీని దగ్గరుండు. ఎవరినీ ముట్టుకోనీయొద్దు" అని చెప్పి వెళ్ళింది సుభాషిణి. కామమ్మ రోబో పక్కన స్టూలు వేసుకుని కాపలా కూర్చుంది. కూర్చున్నదాని చూపు ఊరుకుంటుందా? రోబో చేతి మోచేయి దగ్గర ఎర్ర తీగ, నల్ల తీగ జానెడు వదులుగా వేలాడుతున్నాయి.

మస్తానయ్య తమ్ముడు హజరత్తయ్యకు రెండు వేళ్ళు లేవు. పడవలో వదులుగా పడున్న తాడు ఇంజను ఫ్యానుకు చుట్టుకుని, తీయబోయిన చేతిని లోపలికి లాగింది. ఆ రోజు నుంచి తాడు ఎక్కడ వేలాడినా కామమ్మ కట్టేస్తుంది. పడవలో గానీ, పెరట్లో గానీ, ఉయ్యాలకు గానీ. ఈ తీగ పోయి చక్రానికి చుట్టుకుంటే? అది తీయడానికి తన బిడ్డే గదా చెయ్యి పెట్టేది?

నడుం సంచిలో నైలాను దారం ఎప్పుడూ ఉంటుంది. మూరెడు తెంపి, ఆ రెండు తీగలనూ ఇనప చట్రానికి చేర్చి, వల కంటికి వేసే ముడి వేసింది. లాగేకొద్దీ బిగిసే ముడి అది. పంటితో దారం కొరికి, తీగ అటూ ఇటూ కదలడం లేదని రెండుసార్లు చూసుకుని, ఆ పొద్దు మొదటిసారి నెమ్మదిగా ఊపిరి వదిలింది. పిల్లలు వచ్చాక ఏమీ చెప్పలేదు. చెప్పేంత పని చేసినట్టు కూడా ఆమెకు అనిపించలేదు.

రెండో ఆటలో రోబో బాగానే పరిగెత్తింది. రింగు పట్టింది. కర్ర దగ్గరికి పోయి చెయ్యి ఎత్తింది. సగం లేచిన చెయ్యి, ఎవరో వెనకనుంచి గుంజినట్టు ఆగిపోయి, ధబ్బున కింద పడింది. పెంచల్ మీటలు నొక్కుతూనే ఉన్నాడు. చక్రాలు తిరుగుతున్నాయి, చెయ్యి లేవదు. ఆట సాగిన రెండు నిమిషాలూ అది చచ్చిన చెయ్యిని ఈడ్చుకుంటూ తిరిగింది.

ఈసారి ఎవరూ సంతోషపడలేదు. రోబోను బల్ల మీదికి ఎత్తారు. వైర్లు సుభాషిణివి కాబట్టి అందరూ ఆమెకు దారిచ్చారు. ఆమె వంగి చూసింది. వేలితో ఆ దారాన్ని తడిమింది. ఆ వేలు ముడి మీద ఆగింది. తల్లి వైపు మాత్రం చూడలేదు.

"నేనే కట్టినా సార్" అంది.

పెంచల్ ఎగిరిపడ్డాడు. "నువ్వా? చెయ్యి లేస్తే తీగ సాగాల, వదులు ఉంచాలని నెలనుంచి మా చెవిలో పోరు పెట్టింది నువ్వే గదే! వల దారంతో వైర్లు కట్టేదేంది? రొయ్యలు పట్టను వచ్చినామా?"

"ఊడిపోద్దేమోనని కట్టినాలే. రాసుకో."

పద్మనాభయ్య సార్ నోట్సు పెంచల్ ముందుకు జరిపాడు. 'తీగ బిగించి కట్టడం వల్ల ప్లగ్గు ఊడింది. కట్టింది సుభాషిణి' అని పెంచల్ రాశాడు. సార్ ముఖం చూస్తే ఆయన మనసులో నాలుగు పేర్లు అటూ ఇటూ అవుతున్నాయని కామమ్మకు కూడా తెలిసిపోయింది.

చెంగాళమ్మ తన మొక్కే విన్నది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, బిడ్డ ఎక్కడికీ పోదు. అయితే బిడ్డ పక్కకు తిరిగి స్క్రూడ్రైవర్ పట్టుకుని ఊరికే తిప్పుతోంది, బిగించడానికి అక్కడ ఏమీ లేకపోయినా. చిన్నప్పుడు జ్వరమొచ్చి, ఏడుపు రాకుండా దుప్పటి అంచు నలిపేది కూడా ఇట్లాగే.

"సార్" అంది కామమ్మ. "ముడి నాది. నేనే వేసినా. బిడ్డకు తెలవదు."

సుభాషిణి స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేసింది.

"అమ్మా, నువ్వూరుకో" అంది సుభాషిణి.

"ఊరుకునేదేంది? ఆ ముడి నీకు వచ్చా? ఎన్నిసార్లు నేర్పినా నీకు రాలా!"

పెంచల్‌కు నవ్వాగలేదు. సార్ చూసేసరికి నోరు మూసుకున్నాడు.

"మీకు తెలీక చేసినారమ్మా" అన్నాడు సార్. "ఇట్టాంటివన్నీ ఇక్కడే జరగాలనే ప్రాక్టీసు పెట్టుకునేది. నాకు బాధేం లేదు." తర్వాత సుభాషిణి వైపు తిరిగాడు. "కానీ నువ్వు నోట్సులో అబద్ధం రాయించినావు. రేపు విజయవాడలో చెయ్యి ఆగితే మేం చూసుకునేది ఈ నోట్సే. సుభాషిణి కట్టింది అని ఉంటే, నీ పనిలో తప్పు వెతుకుతా ఉంటాం. లేని తప్పు ఎంతసేపు వెతికేది?"

సుభాషిణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కామమ్మకు ఇంకా అయోమయంగా ఉంది. పని చెడగొట్టిన తనను ఏమీ అనలేదు. తల్లిని కాపాడిన పిల్లకు చీవాట్లు. నిజం చెబితే బిడ్డకు మేలవుతుందనుకుంటే ఇలా అయిందేమిటి?

"కొట్టేయకు. ఆ లైను అట్టాగే ఉండనీ. కింద నిజం రాయి" అన్నాడు సార్.

సుభాషిణి రాసింది. 'కట్టింది మా అమ్మ. తీగ చక్రానికి చుట్టుకుంటుందని భయపడి. చెప్పకపోవడం నా తప్పు.' తర్వాత దారం విప్పబోయింది. ఎక్కడ వస్తుంది? గోళ్ళతో పీకింది, స్క్రూడ్రైవర్ దూర్చింది. చివరికి సార్ కామమ్మకే చెప్పాడు. ఆమె సంచిలోంచి చిన్న బ్లేడు తీసి, తీగకు గాటు పడకుండా, ఒక్కసారిలో కోసేసింది.

మూడో ఆట. ఈసారి కామమ్మ గోడ దగ్గరగా వచ్చి నిలబడింది. చెయ్యి లేచింది. వేలాడుతున్న తీగ మెల్లగా సాగింది, సాగింది. చెయ్యి కర్ర పైకి చేరేసరికి ఆ వదులంతా సరిగ్గా సరిపోయింది. రింగు కర్రకు పడింది. చెయ్యి దిగితే తీగ మళ్ళీ వేలాడింది. చక్రం దాకా రాలేదు. వస్తుందేమోనని ఆమె రెండు నిమిషాలూ రెప్ప వేయలేదు. ఆ ఆటలోనూ ఒక్క రింగు తేడాతో ఓడిపోయారు. ఓడినవాళ్ళూ గెలిచినవాళ్ళూ ఒకరి చేతులు ఒకరు చరుచుకున్నారు.

సాయంత్రం సార్ పేర్లు చదివాడు. పెంచల్, ఇంకో ఇద్దరు. మూడు చదివి కాగితం మడిచాడు.

"నాలుగోది?" అన్నారు పిల్లలు.

సార్ కామమ్మను పక్కకు పిలిచాడు. సుభాషిణి వెనకే వచ్చింది. "వైర్ల పని తెలిసింది మీ పాపకేనమ్మా. అబద్ధానికి తిట్టినానే గానీ, తీసుకుపోనని కాదు. కానీ మొన్న మీటింగులో మీరే పంపనన్నారు. పేరు చదివినాక మీరు కాదంటే జట్టు దెబ్బతింటుంది. ఇప్పుడే చెప్పండి."

"పంపనన్నావా?" సుభాషిణి తల్లి ముఖంలోకి చూసింది. "ఎప్పుడు మా?"

రైలెక్కింది మొదలు సిద్ధం చేసుకున్న మాటలు కామమ్మ నోట్లోనే ఉన్నాయి. ఇంట్లో పని ఉందని. వాళ్ళ నాయన ఒప్పుకోడని. పిల్లకు ప్రయాణం పడదని. ఒక్కటీ నిజం కాదు.

"భయమేసి అన్నా" అంది. "ఇప్పుడు కూడా భయంగానే ఉండాది సార్. రాసుకోండి పేరు."

అన్నది తానేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. సార్ పేరు రాసుకుని, తల్లి సంతకానికి కాగితం చేతికిచ్చాడు. ఆమె గోడకు ఆనించి, అక్షరం అక్షరం కూడబలుక్కుని 'కామమ్మ' అని పెట్టింది. పెట్టాక కాగితం వదల్లేదు.

"సార్, ఐదు రోజులంటే ఎన్ని రాత్రులు?"

"పోయేదీ వచ్చేదీ కలుపుకుంటే..." అని సార్ మొదలుపెట్టేలోపే పిల్లలు రైలుకు టైమైందని కేకలేశారు.

కామమ్మ అక్కడే నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఒకసారి నాలుగు వచ్చింది. ఇంకోసారి ఆరు వచ్చింది. సుభాషిణి ఇంకా కోపంగానే ఉంది. అయినా వచ్చి, తల్లి చేతిలోంచి కాగితం మెల్లగా లాక్కుని సార్‌కు ఇచ్చేసింది.