శనివారానికి ముందు

ఇస్త్రీ యంత్రంలోంచి దుప్పటి వేడిగా బయటికి వస్తుంటే సుగుణ రెండు మూలలూ అందుకుంది. అటు మూలలు లాండ్రీలో తోటి ఉద్యోగి రోజా పట్టుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచి, అంచుకు అంచు కలిపి, మళ్ళీ దూరం జరిగారు. పదకొండేళ్ళుగా ఇదే నడక. ఆసుపత్రిలో ఏ దుప్పటి ఏ మంచం మీదికి పోతుందో సుగుణకు తెలియదు. ఎవరో ఒకరు దాని మీద పడుకుంటారని మాత్రం తెలుసు.

ముప్ఫయ్యో దుప్పటికి ఊపిరి అందలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. రోజా దిండు గలేబుల కుప్పను ఆమె వైపు తోసింది. దుప్పట్లు ముట్టుకోవద్దని సూపర్‌వైజర్ పొద్దున్నే చెప్పాడు. అసలు రావద్దనే చెప్పాడు. ఇంట్లో కూర్చుంటే ఏం చేయాలో తెలియక వచ్చింది. రేపు పొద్దున అడిలైడ్‌కు విమానం, శుక్రవారం తనకు గుండె ఆపరేషన్. డార్విన్‌లో ఆ ఆపరేషన్ చెయ్యరు.

మధ్యాహ్నం తేజస్విని టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. కరీంనగర్ పిల్ల. ఆసుపత్రి రిసెప్షన్‌లో పని చేస్తుంది.

"శనివారం ఎన్నికలకి నేనిక్కడ ఉండనే. నా ఓటు పోయినట్టే," అంది సుగుణ.

"ఎందుకు పోతది ఆంటీ? ఎర్లీ ఓటింగ్ ఉన్నది కదా. సిటీలనే సెంటర్ పెట్టిన్రు."

"అదేంటే? ఎన్నికల రోజు రాకుండానే ఓటా? అలా ముందే వెయ్యనివ్వచ్చా ఏ ఊళ్ళోనైనా?"

"ఎందుకియ్యద్దు? సాటర్‌డే డ్యూటీ ఉన్నోళ్ళు, ఊరికి పోయేటోళ్ళు, హాస్పిటల్‌కి పోయేటోళ్ళు... వీళ్ళంతా ఎట్ల వేస్తరు మరి?"

"నువ్వు వేశావా?"

"నాది ఇంకా పీఆరే ఆంటీ, సిటిజన్‌షిప్ రాలే. నాకు ఓటెక్కడిది? ఉన్న మీరేమో గిట్ల భయపడుతున్రు."

"భయమేం కాదులే," అంది సుగుణ. పెరుగన్నంలో ఆవకాయ ముక్కను ఆ పక్క నుంచి ఈ పక్కకు జరిపింది.

పెర్త్ శివారు హారిస్‌డేల్ నుంచి కూతురు గీతిక ఫోన్ చేసింది. రేపు పెర్త్ నుంచి నేరుగా అడిలైడ్‌కు వస్తానంది. ఓటు మాట వినగానే విసుక్కుంది.

"అమ్మా, కౌన్సిల్ ఎలక్షనే కదా. హాస్పిటల్ లెటర్ చూపిస్తే, ఓటెయ్యనందుకు ఫైన్ కూడా ఉండదు. జస్ట్ రెస్ట్ తీసుకో, ప్లీజ్."

"సరేలేమ్మా," అంది సుగుణ. జరిమానా గురించి కాదని చెప్పలేదు. అసలు సంగతి ఎవరికీ చెప్పింది కాదు.

ఏలూరు దగ్గర అత్తవారి ఊళ్ళో, పెళ్ళయిన కొత్తలో, ఆమెకు మొదటి ఓటు వచ్చింది. కొత్త చీర కట్టుకుని బడి ముందు రెండు గంటలు నిలబడింది. జాబితాలో వేలు పెట్టి చూసినాయన తల ఎత్తకుండానే, "మీ ఓటు పడిపోయిందమ్మా," అన్నాడు.

"నేను ఇప్పుడే కదండీ వచ్చింది?"

వెనక ఎవరో నవ్వారు. పక్కకు జరగమన్నారు. సిరా చుక్క లేని వేలిని కొంగులో దాచుకుని ఇంటికి వచ్చింది. "పోనీలే, ఎవరో ఒకరు వేశారుగా," అన్నాడు భర్త గోపాలరావు. చెడ్డవాడు కాదు. అది ఓదార్పనే అనుకున్నాడు. ఆ తరవాత ఆయన వంట పనుల వెంట ఊళ్ళు మారారు, అద్దె ఇళ్ళు మారారు. ఏ జాబితాలోనూ ఆమె పేరు నిలవలేదు. డార్విన్ వచ్చాక ఆయన పోయాడు, ఇప్పటికి నాలుగేళ్ళు. ఆమెకు పౌరసత్వం వచ్చింది మాత్రం కిందటేడు.

మూడింటికి పని ముగిసింది. ఓటింగ్ సెంటర్‌కి పోదామని తేజస్విని కారు తీసింది. ఆగస్టు ఎండ మెత్తగా ఉంది. ఎక్కడో గడ్డి తగలబెడుతున్నారు. ఆ పొగ మీద గద్దలు రెక్కలు కదపకుండా తేలుతున్నాయి. దూరంగా సముద్రం ఆరేసిన బట్టలా తళుక్కుమని, చెట్ల వెనక్కి వెళ్ళిపోయింది. తాను నడుస్తున్నట్టుగాని, కూర్చున్నట్టుగాని సుగుణకు అనిపించలేదు. ఎవరో తనను నాలుగు మూలలా పట్టుకుని మెల్లగా మోసుకుపోతున్నట్టుంది.

హాల్లో ఆరుగురే ఉన్నారు. సైనిక దుస్తుల్లో ఒకతను, తడి జుట్టుతో, హవాయి చెప్పులతో ఒక అమ్మాయి. బల్ల వెనక నెరిసిన జుట్టు ఆవిడ పేరు అడిగింది. సుగుణ ఒక్కొక్క అక్షరమే చెప్పింది. ఆవిడ పేరు వెతికి పట్టుకుని, అందరినీ అడిగినట్టే అడిగింది: ఈ ఎన్నికలో ఇంతకు ముందు ఓటు వేశారా?

సుగుణ చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. ఆ జాబితాలో తన పేరు పక్కన ఏముందో ఇటు నుంచి కనబడటం లేదు.

"నో," అంది. గొంతు పెద్దగా వచ్చింది. సైనికుడు తిరిగి చూశాడు. "నెవర్," అంది మళ్ళీ, మెల్లగా.

ఆవిడ జాబితాలో ఆ పేరు మీద గీత గీసి, ఓటు కాగితం చించి ఇచ్చింది. "అయితే ఇది మీదే," అంది ఇంగ్లీషులో.

ఓటు వేసే అట్ట గదిలో పెన్సిలు చూసి సుగుణ ఆగింది. చెరిపేస్తే? కాసేపు ఆలోచించి, గట్టిగా నొక్కి రాయవచ్చు కదా అనుకుంది. సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని పేర్లన్నీ చదివింది. ఇక్కడ ముద్ర వెయ్యరు, నచ్చిన వరుసలో పేర్ల పక్కన అంకెలు వెయ్యాలి. బస్‌స్టాపుల దగ్గర చెట్లు నాటిస్తానన్న ఆవిడ పేరు పక్కన ఒకటి వేసింది. మిగతా అంకెలు వరుసగా, తొందర లేకుండా నింపింది. జోడు తీసి పక్కన పెట్టి, కాగితాన్ని అంచుకు అంచు కలిపి మడిచింది. మళ్ళీ మడిచింది. మూలలు సరిపోయాయో లేదో చూసుకుంది.

కాగితం పెట్టెలో పడింది. సుగుణ ఎడమ చూపుడు వేలు చాచింది. పెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయనకు అర్థం కాలేదు. ఇక్కడ సిరా పూయరు. ఒక క్షణం ఆ వేలి వైపు చూసి, ఆయన లేచి ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని మెల్లగా ఊపాడు.

"అయిందా ఆంటీ? ఎవరికేసిన్రు?" అంది తేజస్విని కారులో.

"ఓటు లేనిదానివి, నీకెందుకే?"

ఇద్దరూ నవ్వారు. సుగుణ ఆయాసం వచ్చేదాకా నవ్వింది.

సాయంత్రం ఆసుపత్రి కాగితాల మీద సంతకం చేయబోతే కళ్ళజోడు కనబడలేదు.

"అక్కడనే మరిచిపోయిన్రు. రేపు పొద్దున పోయి తెస్తా," అంది తేజస్విని.

"వద్దులే. వచ్చాక నేనే తెచ్చుకుంటాను," అంది సుగుణ. సంతకం ఎక్కడ పెట్టాలో తేజస్విని వేలు పెట్టి చూపించింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆపరేషన్ జరిగింది. గుండె మళ్ళీ కొట్టుకోలేదని గీతికకు చెప్పడానికి ఇద్దరు డాక్టర్లు వచ్చారు. ఒకరు మాట్లాడారు. ఒకరు నిలబడ్డారు.

శనివారం సాయంత్రం ఆరింటికి డార్విన్‌లో పెట్టెల సీళ్ళు తీసి కాగితాలు బల్లల మీద పోశారు. నాలుగు మడతల కాగితం ఒకటి ఎవరి చేతిలోనో విచ్చుకుని, లెక్కలో కలిసిపోయింది. ముందస్తు ఓటింగు జరిగిన హాల్లో అట్ట గదులన్నీ మడిచి గోడకు చేర్చారు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కించారు. కిటికీ గట్టు మీద, విరిగిన కాడకు తెల్ల దారం చుట్టిన కళ్ళజోడు ఒకటి, ఎవరైనా వచ్చి అడుగుతారని, కనబడేలా పెట్టి ఉంది.