గుచ్చుకునే చీటీలు

ఆ లాండ్రీలో పెత్తనమంతా అత్తది. ఒక చేత్తో హుకుం జారీ చేస్తుంది, రెండో చేత్తో మెడ గోక్కుంటుంది. ఆమె తమ్ముడు ఉతుకుతాడు, ఇస్త్రీ చేస్తాడు, నోరు మాత్రం మెదపడు. అతని తొమ్మిదేళ్ల కూతుర్ని, అంటే అత్త మేనకోడల్ని, అందరూ గువ్వ అంటారు. గువ్వకి ఆటిజం. మాటలు తక్కువ. బడి అయ్యాక వచ్చి మెషిన్ ముందు కూర్చుంటుంది. బట్టలు గిరగిరా తిరుగుతుంటే చేతులాడిస్తూ పకపకా నవ్వుతుంది. ఆ నవ్వు కోసం తమ్ముడు పొద్దుట్నుంచీ ఎదురుచూస్తాడు.

"ఇంకొక్క తంటా తెచ్చిందంటే పిల్ల ఇక ఇంట్లోనే," అని అత్త నిన్ననే తేల్చేసింది.

తంటా పాపం ఒక్కరోజైనా ఆగలేదు. అత్త టీ తాగి వచ్చేసరికి, నలభై బట్టల కాలర్లకి కుట్టిన నంబరు చీటీలన్నీ నేలమీద కుప్పగా పడున్నాయి. పక్కనే కత్తెర. గువ్వ ముఖంలో ఊరందరికీ ఉపకారం చేసినంత తృప్తి.

"కొంప ముంచావు కదే! ఇప్పుడు ఏది ఎవరిదో ఎవరు చెప్తారు?"

"గుచ్చుకుంటాయి," అంది గువ్వ.

తమ్ముడు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. అవి గుచ్చుకుంటాయని గువ్వ చొక్కాల వెనక చీటీలు కత్తిరించిపెట్టేది తనే మరి. "అక్కా, తప్పు నాది. దాన్ని రానివ్వనని మాత్రం అనకు."

అత్త ఆ మాటే అనబోతుండగా వకీలుగారు ఊడిపడ్డారు. కొక్కేలకి ఆరు నల్లకోట్లు వేలాడుతున్నాయి. ఆయన చెయ్యి తిన్నగా అన్నిట్లోకీ కొత్తదాని మీదికి పోయింది. "ఇదే నాది!"

"కాదు. జడ్జిగారిది," అంది గువ్వ, తలైనా తిప్పకుండా. "మీ జేబు చిరిగింది. ఎర్రదారంతో కుట్టుకున్నారు. వంకరగా."

అత్త వెతికింది. మూడో కోటు జేబులో ఎర్రదారం, నిజంగానే అష్టవంకర్లు పోయి ఉంది. వకీలుగారు తన కోటు తీసుకుని వెళ్లిపోయారు.

గంటలో మిగతా ముప్పైతొమ్మిదీ తేలిపోయాయి. తడిమి చూసి, ఎవరివో చెప్పేసింది గువ్వ.

"దీని బుర్రలో ఇంత ఉందని తెలిసుంటే రావద్దనేదాన్నా..." అంది అత్త.

తమ్ముడు మొదటిసారి అడ్డొచ్చాడు. "ఒక్కటీ గుర్తుపట్టకపోయినా తెచ్చేవాణ్ణే అక్కా. ఇక్కడ నవ్వుతుంది. నాకది చాలు."

అత్తకి సిగ్గేసింది. మెడ గోక్కుంది. వెనక కిచ్‌మని కత్తెర చప్పుడు. అత్త కుర్తా చీటీ గువ్వ చేతిలో ఉంది.

తిట్టబోతూ అత్త మెడ తడుముకుంది. గుచ్చుకునేదేదీ ఇప్పుడక్కడ లేదు. ఇన్నేళ్లూ దురదకి ఎన్ని మందులు పూసిందో!

"రేపట్నుంచి చీటీలు కాలర్‌కి కుట్టకు. ఎక్కడ కుట్టాలో గువ్వనడుగు," అంది తమ్ముడితో. "పిల్లని బడినుంచి తిన్నగా ఇక్కడికే తీసుకురా. దారిలో ఆలస్యం చేశావంటే ఊరుకోను."